కిచెన్ ఐలాండ్‌ పైభాగానికి గ్రానైట్ కాకుండా ఇంకేం వేయొచ్చు?

గోడవార గట్టుకీ, వంటింటి మధ్యలో నిలబడే ఐలాండ్‌కీ పని ఒకటి కాదు. ఐలాండ్ నాలుగు వైపులా కనిపిస్తుంది, నాలుగు అంచులకీ దెబ్బలు తగులుతాయి, ఒక పక్క కూరలు తరుగుతుంటే ఇంకో పక్క ఎవరో మోచేతులు ఆనించి కూర్చుంటారు. కాబట్టి రంగు కంటే ముందు అడగాల్సింది ఒకటుంది: గీత పడితే ఇంట్లోనే పోగొట్టుకోగలమా?

ఆ లెక్కన మొదటి స్థానం సోప్‌స్టోన్‌దే, అంటే బలపం రాయిది. టాల్క్ అనే మెత్తటి ఖనిజం ఎక్కువ కాబట్టి మెత్తన. కొన్ని రకాల మీద గోటితోనే గీత పడుతుంది. కానీ నిమ్మరసం, వెనిగర్ దీన్ని తినలేవు. నీళ్లు పీల్చనంత దట్టమైన రాయి, తడీ మరకలూ ఇంకకుండా పూసే సీలర్ అక్కర్లేదు. ప్రయోగశాలల బల్లలకు దీన్ని వాడింది ఇందుకే. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెట్టేయొచ్చు. గీతలు పడ్డ చోట 120 నంబరు సాండ్‌పేపర్‌తో, తర్వాత 220తో రుద్ది, మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే, వాసన లేని నూనె) పూస్తే చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతాయి. నూనె రాయికి రక్షణేమీ కాదు, రంగు సమానంగా నల్లబడటానికే. పూయకపోతే చేతులు తగిలే చోటే ముదురు రంగు తేలి మచ్చల్లా కనిపిస్తుంది. అంచులు పదునుగా వదలొద్దు, కనీసం 3 మి.మీ. గుండ్రం చేయించండి, లేకపోతే చిన్న గిన్నె తగిలినా పెచ్చు లేస్తుంది. బలపం రాళ్లు సాధారణంగా గ్రానైట్ కంటే చిన్న స్లాబ్‌లుగా దొరుకుతాయి, పెద్ద ఐలాండ్‌కి అతుకు తప్పకపోవచ్చు. ఆ అతుకు సింక్ కోత మీదుగా పోకుండా ముందే గీయించుకోవాలి.

సింక్ లేని ఐలాండైతే చెక్క దిమ్మ చాలా బాగుంటుంది. పోగుల కొసలు పైకి ఉండేలా అతికించిన ఎండ్ గ్రెయిన్ రకం తీసుకోండి. కత్తి పోగుల మధ్యకు దిగుతుంది, గాటు పెద్దగా తెలియదు, కత్తి పదునూ నిలుస్తుంది. మందం 60 మి.మీ.కు తగ్గొద్దు. చెక్క చెడేది ఎక్కువగా రెండు తప్పుల వల్ల. పై వైపే నూనె పట్టించి కింది వైపు వదిలేస్తే, రెండు ముఖాలూ తేమను సమానంగా పీల్చవు, దిమ్మ వంగుతుంది. గుండ్రటి రంధ్రాల్లో స్క్రూలు గట్టిగా బిగిస్తే, తేమకు ఉబ్బి కుంచించుకునే చెక్కకు కదిలే చోటు ఉండదు, చీలుతుంది. స్క్రూలకు పొడవాటి రంధ్రాలు తీయించాలి. మొదటి నెల వారానికోసారి, ఆ తర్వాత నెలకోసారి మినరల్ ఆయిల్ చాలు. వంటనూనె మాత్రం వద్దు, ముక్కిపోయి కంపు కొడుతుంది.

జింక్ రేకు అందంగా ఉంటుంది, కానీ మచ్చ చూసి బాధపడేవాళ్లకి కాదు. నిమ్మచెక్క కాసేపు ఉన్నా గుర్తు పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అవన్నీ కలిసి బూడిద రంగు పొరవుతాయి. 419 డిగ్రీల సెల్సియస్‌కి కరిగే లోహం ఇది. అతుకుల్లో కరిగించి పోసే సోల్డర్ అంతకంటే చాలా ముందే కరుగుతుంది, కాబట్టి వేడి పెనం పెట్టకూడదు. అడుగున నీటికి తట్టుకునే ప్లైవుడ్ వేయించండి, చెక్క పీచును నొక్కి చేసే ఎండీఎఫ్ పలకైతే తడికి ఉబ్బి రేకును ఎత్తేస్తుంది.

కాంక్రీట్‌కి వచ్చిన పేరు దానికి ఎక్కువే అనిపిస్తుంది. 40 మి.మీ. మందమైతే చదరపు మీటరు దాదాపు 96 కిలోలు. కింద అల్మారాలు, నేల ఆ బరువు మోయాలి. సింక్ కోత మూలలు చదరంగా ఉంటే పగులు అక్కడి నుంచే మొదలవుతుంది, గుండ్రంగా పోయించాలి. సిమెంట్‌ని పులుపు తింటుంది, అందుకే రోజూ తుడిచేది కాంక్రీట్‌ని కాదు, దాని మీది సీలర్‌ని. పొరలా నిలిచే సీలర్ వేడికి తెల్లబారుతుంది, లోపలికి ఇంకే సీలర్ మరకలను అంతగా ఆపదు. గాజుముక్కలు సిమెంట్‌లో కలిపి పోసే పలకలదీ ఇదే గొడవ.

కాగితాన్ని ఫినాలిక్ రెసిన్ అనే జిగురులో ముంచి వేడితో నొక్కిన పలకలకి చెప్పుకోదగ్గ గుణం ఒకటి: వడ్రంగి పనిముట్లతోనే కోయొచ్చు. ఎండకి రంగు ముదురుతుంది, లేత రంగు ఎంచుకుంటే ఆ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కూర్చోవడానికి పలక ముందుకు 300 మి.మీ. పొడుచుకు రావాలి. 30 మి.మీ. మందం రాయైనా అంత దూరం ఆసరా లేకుండా వదలొద్దు. అల్మారాల మీద ఉక్కు పట్టీలు బిగించి వాటి మీద కూర్చోబెట్టాలి. ఆర్డర్ ఇచ్చే ముందు నమూనా ముక్క అడిగి, దాని మీద నిమ్మచెక్క, కాఫీ చుక్క, నూనె చుక్క రాత్రంతా వదిలేసి పొద్దున్నే తుడిచి చూడండి. సీలర్ వేసే రకమైతే ఆ ముక్కకూ అదే సీలర్ వేయించి ఇమ్మనాలి.