ఈవ్ ఆన్‌లైన్‌లో తుక్కు ఏరుకుంటూ నాలుగేళ్లు

ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఓడల ఆట పేరెత్తగానే అందరూ వేల మంది కొట్టుకున్న యుద్ధాల గురించే చెప్తారు. నాలుగేళ్లలో నేను అలాంటి యుద్ధం ఒక్కటీ చేయలేదు. రాత్రి షాపు మూసి, తిని, పదిన్నరకు కూర్చుంటే నా పని ఒకటే. ఎవరో పేల్చిన ఓడల దగ్గరికి పోయి తుక్కు తీసుకోవడం. ఆ పని మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం ఒక్క నియమం.

పేలిన ఓడ మిగిల్చేదాన్ని రెక్ అంటాం. అది రెండు గంటలు ఉంటుంది. దాని లోపలి సరుకు పేల్చినవాడిది. ఇంకొకరు ముట్టుకుంటే దొంగతనం కింద లెక్క, పదిహేను నిమిషాల పాటు ఎవరైనా వాళ్లను కాల్చొచ్చు. కానీ అదే రెక్‌ను సాల్వేజర్ అనే పనిముట్టుతో కోస్తే వచ్చే తుక్కు ఎవరిదీ కాదు. ముందు కోసినవాడిదే.

2006లో సాల్వేజింగ్ (రెక్ కోసి తుక్కు తీయడం), రిగ్గులు (ఓడకు బిగించి దాని పనితీరు మార్చే భాగాలు) ఒకేసారి వచ్చాయి. తుక్కుతో రిగ్గులు తయారవుతాయి, ఓడకు బిగించిన రిగ్గు తీయాలంటే పగలగొట్టడమే. అందుకే తుక్కు కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

మాది హనుమకొండలో మోటర్ వైండింగ్ షాపు. పర్కాల, నర్సంపేట దిక్కు నుంచి రైతులు కాలిన మోటర్లు తెస్తారు. మా దగ్గర వచ్చే పెద్ద పంచాయితీ పాత రాగి ఎవరిదని. బాపు కాలం నుంచీ రైతు కళ్ల ముందరే పాత రాగి తూకం వేసి బిల్లులో తగ్గిస్తాం. అయినా ఎండాకాలం వచ్చిందంటే వారానికి ఒక్కసారైనా "గింతేనా వచ్చింది?" అనే మాట పడాల్సిందే. అందుకే మొదటిసారి ఆటలో నా సరుకు దాచుకునే హ్యాంగర్‌లో చేరిన తుక్కు పేర్లు చదివినప్పుడు మా షాపు మూలన పడి ఉండే కుప్ప కళ్లలో మెదిలింది. బర్న్‌డ్ లాజిక్ సర్క్యూట్, ట్రిప్డ్ పవర్ సర్క్యూట్, ట్యాంగిల్డ్ పవర్ కండ్యూట్. అంటే కాలినది, ట్రిప్పయినది, చిక్కుపడ్డది. ఖరీదైన టెక్ టూ ఓడల రెక్కుల్లోనైతే ఇవే కాలకుండా, చెడకుండా దొరుకుతాయి. వాటి ధర వేరు. కాలిన మోటర్ విప్పినప్పుడు బేరింగులు మంచిగ కనబడితే కలిగే సంతోషం ఎట్లాంటిదో నాకు తెలుసు.

రెండో ఏడు, ముసురు పట్టిన ఒక రాత్రి జరిగింది చెప్తాను. వెతికే ప్రోబులు వేసి, ఒకడు పెద్ద బ్యాటిల్‌షిప్‌లో మిషన్ (ఆట ఇచ్చే పని, కంప్యూటర్ నడిపే శత్రు ఓడలను పేల్చడం) చేస్తున్న చోటు పట్టుకున్నాను. నలభై దాకా రెక్కులు, అన్నీ పసుపు రంగులో. పసుపు అంటే వేరేవాళ్లవి. వాటి మీద ట్రాక్టర్ బీమ్ పనిచేయదు, దగ్గరికి లాక్కోలేం. నా సాల్వేజర్ అందేది ఐదు కిలోమీటర్లే కాబట్టి ప్రతి రెక్ దగ్గరికీ చిన్న ఫ్రిగేట్ వేసుకుని పోవాలి. సాల్వేజర్ పది సెకన్లు తిరుగుతుంది, ఈసారి రాలేదంటుంది, మళ్లీ తిరుగుతుంది. సరుకున్న రెక్‌ను కోస్తే సరుకు పోదు, అదే చోట ఒక డబ్బాలో మిగులుతుంది. ఆ డబ్బా కూడా వాడి పేరు మీదే ఉంటుంది. నేను ఒక్క డబ్బా కూడా తెరవలేదు.

పన్నెండో పదమూడో కోసేసరికి చాట్‌లో మెసేజ్ వచ్చింది. అవి నావి, అన్నాడు. సరుకు నీదే, డబ్బాల్లో ఉంది చూసుకో అన్నాను. జవాబు లేదు. బ్యాటిల్‌షిప్ మెల్లగా నా వైపు తిరిగింది. కాలిస్తే ఆటలో పోలీసులైన కాంకార్డ్ వచ్చి వాడి ఓడనే పేల్చేస్తుంది, ఆ సంగతి వాడికీ తెలుసు. అయినా నాకు చేతులు చెమట పట్టాయి. వాడు నన్ను దాటి మొదటి డబ్బా దగ్గర ఆగాడు. తర్వాత రెండోది, మూడోది. అన్నీ చూసుకుంటున్నాడు. ఐదు నిమిషాలకు వాడి ఫ్లీట్‌లోకి, అంటే జట్టులోకి, రమ్మని పిలుపు వచ్చింది. "నేను రోజూ ఇవన్నీ వదిలేసి పోతా. నువ్వు ఏరు, సరుకు నాకు తెచ్చివ్వు, తుక్కులో సగం నీది" అన్నాడు.

ఒకే ఫ్లీట్‌లో ఉంటే వాడి రెక్కుల మీద నా ట్రాక్టర్ పనిచేస్తుంది. ఆ వారమే నోక్టిస్ కొన్నాను, 2010లో ఈ పని కోసమే తెచ్చిన ఓడ. ఆ ఒప్పందం ఏడాదిన్నర నడిచింది. వాడిది ఏ దేశమో నేను అడగలేదు.

రెక్ మొత్తం పేల్చినవాడిదే అని నియమం రాసి ఉంటే నేను దొంగను, వాడు నన్ను కాల్చేవాడు, అంతటితో అయిపోయేది. ఎవరైనా ఏమైనా తీసుకోవచ్చు అని రాసి ఉంటే వాడు మిషన్ చేయడమే దండగ. సరుకుకు, తుక్కుకు మధ్య గీత గీసి మిగతాది ఆడేవాళ్లకు వదిలేశారు. మేం మాట్లాడుకున్నాం, బేరం కుదిరింది. మల్టీప్లేయర్ ఆట తయారుచేసేవాళ్లు ఎవరైనా నేర్చుకోవాల్సింది ఈ ఒక్క గీత అని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి ఏడాది దీన్ని కొత్తవాళ్లకు అన్నిటికన్నా మంచి పనని కనిపించినవాళ్లందరికీ చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. కరీంనగర్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు నా మాట మీదే మొదలుపెట్టాడు. కష్టపడి పేల్చి, ఓడ మార్చుకుని తిరిగి వచ్చేసరికి రెక్కులన్నీ ఎవరో ఊడ్చేసేవాళ్లు. ఒకరోజు ఫోన్ చేసి "అన్నా, నేను పేల్చినయన్నీ ఎవడో ఏరుకపోతుండే, ఏం చేయాలె?" అన్నాడు. అది దొంగతనం కాదురా అని చెప్పాను. చెప్తుంటే షాపులో రాగి తూకం దగ్గర నిలబడ్డ రైతు ముఖం గుర్తొచ్చింది. తమ్ముడు రెండు నెలలకు ఆట మానేశాడు. అప్పటి నుంచి కోసే ముందు రెక్ ఎవరిదో ఆ ఆటగాడి ప్రొఫైల్ తెరిచి ఎప్పుడు మొదలుపెట్టాడో చూస్తాను. కొత్తవాడైతే వదిలేసి పోతాను. ఇలా ఆగమని ఏ నియమమూ చెప్పదు. చెప్పాలా వద్దా అనేది నాలో నాకే తేలలేదు.

ఇంకొకటి, 2013లో మొబైల్ ట్రాక్టర్ యూనిట్ వచ్చింది. ఒకచోట దింపితే మన రెక్కులన్నీ తనే లాగి సరుకు పోగుచేస్తుంది. సుఖమే, నేనూ వాడతాను. కానీ రెక్కుల మధ్య దారి చూసుకుంటూ ఓడ నడిపే సరదా దాంతో సగం పోయింది.

సంపాదన కోసమైతే దీనికన్నా మేలైన దారులు ఆటలో చాలా ఉన్నాయి. సర్వర్ లండన్‌లో ఉన్నా ఆట సెకనుకు ఒకసారే లెక్క కడుతుంది కాబట్టి మా ఇంటి నెట్‌కు ఇబ్బంది రాలేదు. గురి చూసి టకటకా కాల్చే ఆటలు ఇష్టపడేవాళ్లకు ఇందులో విసుగొస్తుంది. నాకు రాత్రిపూట గంటన్నర దొరుకుతుంది, పగలంతా చేసేదీ ఇలాంటి పనే, అందుకే కుదిరింది. అదీ వానాకాలం, చలికాలం మాట. యాసంగి పొలాలకు నీళ్లు అందక మోటర్లు వరసగా కాలే మార్చి, ఏప్రిల్‌లో లాగిన్ కూడా అవ్వను.