హోమ్‌లో చుక్క ఫైలా, డాట్ కాన్ఫిగ్ ఫోల్డరా?

లినక్స్‌లో అప్లికేషన్ సెట్టింగ్‌లకు పాత పద్ధతి, హోమ్ డైరెక్టరీలోనే చుక్కతో మొదలయ్యే ఫైలో ఫోల్డరో పెట్టుకోవడం. కోడ్ రాయడం తేలిక. కానీ సెట్టింగ్‌లు, క్యాష్ (మళ్లీ తయారుచేసుకోగల తాత్కాలిక డేటా), లాగ్‌లు ఒకే ఫోల్డర్‌లో కలిసిపోతే బ్యాకప్‌లో అక్కర్లేని చెత్తంతా మోయాలి.

ఎక్స్‌డీజీ అంటే ఏ రకం ఫైళ్లు ఎక్కడ ఉండాలో చెప్పే ప్రమాణం. ఆ పద్ధతిలో సెట్టింగ్‌లు హోమ్‌లోని డాట్ కాన్ఫిగ్‌లో, క్యాష్ డాట్ క్యాష్‌లో విడివిడిగా ఉంటాయి. కొత్త అప్లికేషన్‌కైతే నిస్సందేహంగా ఇదే మేలు. అయితే ఆ పాత్‌ను కోడ్‌లో నేరుగా రాసేయకండి. ముందు ఎక్స్‌డీజీ కాన్ఫిగ్ హోమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూడాలి. అది లేకపోయినా, ఖాళీగా ఉన్నా అప్పుడే డాట్ కాన్ఫిగ్. ఆ వేరియబుల్‌లో రిలేటివ్ పాత్ (స్లాష్‌తో మొదలవనిది) ఉంటే పట్టించుకోకూడదు. ఫోల్డర్ లేకపోతే 0700 పర్మిషన్‌తో (యజమానికి మాత్రమే అనుమతి) సృష్టించాలి.

అసలు చిక్కంతా పాత అప్లికేషన్‌ను మార్చేటప్పుడే. కోడ్ మార్పులను నమోదుచేసే గిట్‌నే చూడండి: రెండు చోట్లా ఫైళ్లుంటే రెండూ చదువుతుంది, ఒకే సెట్టింగ్ రెండింట్లోనూ ఉంటే హోమ్‌లోని డాట్ గిట్‌కాన్ఫిగ్‌దే పైచేయి. డాట్ కాన్ఫిగ్‌లో ఈమెయిల్ మార్చినా కమిట్‌లలో (గిట్ నమోదుచేసే మార్పులలో) పాతదే పడుతోందా? ఆ హోమ్ ఫైలును ఓసారి తెరవండి. మీ అప్లికేషన్‌లో మాత్రం పాత ఫైలు ఉంటే దాన్నే చదివించండి, లేనప్పుడే కొత్తచోట సృష్టించండి. వాడేవాళ్లకు చెప్పకుండా ఫైలును కదపొద్దు.