ఒంగోలులో కెరీర్ కౌన్సెలింగ్: 38 పేజీల రిపోర్టు దండగ, ముప్పావుగంట మాటలు మాత్రం బాగున్నాయి

రాత్రి పదిన్నరకి షాపు షట్టర్ సగం దించి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి. మొత్తం చదివే ఓపిక లేని వాళ్ళకి ముందే చెప్పేస్తా. ఒంగోలు కర్నూలు రోడ్డులో, మేడ మీద ఉన్న ఒక కెరీర్ కౌన్సెలింగ్ సెంటర్‌కి సంక్రాంతి సెలవుల్లో మా పాపని తీసుకెళ్ళాం. 6,500 ప్యాకేజీ కట్టాం. అందులో వేలిముద్రల టెస్టు, దాని రిపోర్టు శుద్ధ దండగ. చివర్లో ఒక మేడమ్‌తో కూర్చోబెట్టిన ముప్పావుగంట మాత్రం నిజంగా పనికొచ్చింది. ఆ సిట్టింగ్ ఒక్కటే అయితే 1,000 రూపాయలే అట, ఆ సంగతి డబ్బు కట్టాక తెలిసింది. సెంటర్ పేరు రాయను, రాస్తే మాట వచ్చేది ఆ మేడమ్ మీదకే. పైగా ఇలాంటి వేలిముద్రల వాళ్ళు ఇంకో ఊళ్ళోనైనా మీకు తగలొచ్చు, పద్ధతి తెలిస్తే చాలు.

నాది టంగుటూరులో నెట్ సెంటర్. టెన్త్ రిజల్ట్ వచ్చిన రోజు నుంచి జూన్ దాకా అన్నం తినే తీరిక ఉండదు. పాలిటెక్నిక్‌కి పాలీసెట్, రెసిడెన్షియల్ కాలేజీలకి ఏపీఆర్‌జేసీ, ట్రిపుల్ ఐటీ, ఐటీఐ, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల అప్లికేషన్లు చాలావరకు నా కంప్యూటర్ మీదే పడతాయి. అలాంటి నేను నా కూతురిని డబ్బు కట్టి కౌన్సెలింగ్‌కి తీసుకెళ్ళానంటే నవ్వొస్తుంది కదా. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, మా ఇంట్లో నా పరిస్థితి అదే. నేను ఏం చెప్పినా మా ఆవిడ "నీకు ఫారాలు నింపడం తెలుసు గానీ పిల్ల మనసు తెలుసా" అంటుంది. ఈలోగా మా బావమరిది ఫోన్‌లో ఒక వీడియో పంపాడు, "బావా, వేలిముద్రలు చూసి పిల్ల ఏమవుద్దో చెప్తున్నారంట, ఒకసారి తీసుకెళ్ళకూడదూ" అని. ఇక ఇంట్లో ఆగుతారా.

వెళ్ళగానే పాప చేత పది వేళ్ళూ ఒక చిన్న స్కానర్ మీద పెట్టించారు, ఒక్కో వేలు మూడుసార్లు, మధ్యలో ఒకసారి, కుడి పక్క ఒకసారి, ఎడమ పక్క ఒకసారి. రేషన్ షాపులో మిషన్ మీద పెట్టడం గుర్తొచ్చింది నాకు. అక్కడ కుర్రాడు చాలా మర్యాదగా వివరించాడు: వేలి గీతలు తల్లి కడుపులోనే పడతాయి సార్, మెదడు కూడా అప్పుడే తయారవుతుంది, అందుకని గీతలు చూస్తే మెదడు తెలిసిపోతుంది అని. మొదటి మాట నిజమే. రెండూ ఒకేసారి తయారవుతాయి కాబట్టి ఒకటి చూస్తే రెండోది తెలుస్తుందనడం మాత్రం నాకు మింగుడు పడలేదు. మా అత్తగారు ముప్పై ఏళ్ళు పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళింది, ఆమె వేళ్ళు అరిగిపోయి రేషన్ మిషన్ మీద అసలు పడవు, ప్రతి నెలా అదొక గొడవ. మరి ఆమె మెదడు గురించి ఏం రాస్తారు బాబూ అని అడుగుదామనుకుని, మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి ఊరుకున్నాను.

వారానికి రిపోర్టు వచ్చింది. 38 పేజీలు, రంగుల ప్రింటు, స్పైరల్ బైండింగ్, అంతా ఇంగ్లీషు. మా ఆవిడకి ఇంగ్లీషు చదవడం రాదు, పాప చదువుకునేది జిల్లా పరిషత్ హైస్కూల్లో, తనకి సగం అర్థమైంది. మొదటి పేజీలోనే పాప "నెమలి" అని ఉంది. అంటే మనుషుల్ని డేగ, గుడ్లగూబ, పావురం, నెమలి అని నాలుగు రకాలు చేశారు, మా పాపవి నెమలి లక్షణాలట, నలుగురిలో వెలిగిపోతుందట, స్టేజీ ఎక్కితే దిగదట. ఇంటికి చుట్టాలొస్తే వంటింట్లో దూరే పిల్ల అది. తర్వాత బహుళ ప్రజ్ఞలు అని ఎనిమిది రంగుల గ్రాఫు. బీఎడ్ చదివిన వాళ్ళకి తెలిసిందే, 1983లో హోవార్డ్ గార్డ్‌నర్ అనే ఆయన చెప్పిన సిద్ధాంతం. కానీ తెలివి రకరకాలుగా ఉంటుందన్న ఆయన సిద్ధాంతానికీ వేలిముద్రలకీ సంబంధం లేదు, పెద్ద పేరు పక్కన పెట్టుకుంటే బరువొస్తుందని పెట్టుకున్నారు. వేలిముద్రలతో తెలివి కొలవడానికి శాస్త్రీయ ఆధారం లేదని మన దేశంలో మానసిక వైద్యుల సంఘం, ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ, ఎప్పుడో చెప్పేసింది. ఈ విషయం నాకు డబ్బు కట్టాక, రాత్రి షాపులో ఖాళీగా కూర్చుని వెతికితే తెలిసింది. నెట్ సెంటర్ పెట్టుకున్నవాడిని, కట్టకముందు వెతకాలన్న బుద్ధి పుట్టలేదు.

ఇంకో సంగతి, డీటీపీ చేసేవాడి కంటికి మాత్రమే కనిపించేది. పాప పేరు వచ్చిన ప్రతిచోటా అక్షరం కొంచెం లావుగా, వేరే ఫాంట్‌లో ఉంది. అంటే పెళ్ళి కార్డు మేటర్‌లో పేర్లు మార్చినట్టు, ముందే రాసి పెట్టిన మేటర్‌లో పేరు మాత్రం దూర్చారు. 14వ పేజీలో రెండు పేరాల పాటు ఆడపిల్ల కాస్తా మగపిల్లాడైపోయింది, అంతా "అతను, అతను" అనే. ఫోన్ చేసి అడిగితే "టైపింగ్ మిస్టేక్ సార్" అన్నారు. కాదు బాబూ, అది టైపింగ్ మిస్టేక్ కాదు, అసలు టైపే చెయ్యకపోవడం.

చివరి పేజీల్లో పాపకి తగిన కోర్సులు పదకొండు రాశారు. లిబరల్ ఆర్ట్స్, ఈవెంట్ మేనేజ్‌మెంట్, మాస్ కమ్యూనికేషన్, అన్నీ ఇంటర్ అయ్యాక చదివేవి, అవి కూడా బెంగళూరు, పూణేల్లో. పాలీసెట్ లేదు, ట్రిపుల్ ఐటీ లేదు, ఐటీఐ లేదు. ప్రకాశం జిల్లాలో టెన్త్ చదివే పిల్ల వచ్చే జూన్‌లో ఎక్కడ చేరాలో చెప్పని రిపోర్టుకి 5,500 అన్నమాట.

ఇక మేడమ్ సంగతి. రిపోర్టు వచ్చాకే ఈ సిట్టింగ్ ఇస్తారు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, కాటన్ చీర, ముందు ఒక రూళ్ళ నోట్‌బుక్కు. రిపోర్టు చేతిలోకి తీసుకుని రెండు పేజీలు తిప్పి టేబుల్ అంచుకి జరిపేశారు, మళ్ళీ ముట్టుకోలేదు. ఆవిడకే దాని మీద నమ్మకం లేదని నాకు అప్పుడే అర్థమైంది. ముందు నన్నూ మా ఆవిడనీ బయట కూర్చోమని పాప ఒక్కదానితోనే మాట్లాడారు. తర్వాత మమ్మల్ని పిలిచి, మా ముందే మళ్ళీ అడిగారు.

"పోయిన ఎండాకాలం సెలవుల్లో ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వు చేసిన పనేంటో అమ్మావాళ్ళకి కూడా చెప్పమ్మా."

పాప నా వైపు చూసింది. "మావయ్య గుంటల దగ్గర నీళ్ళు చూశానండి."

"నీళ్ళలో ఏం చూశావు తల్లీ?"

"తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గిపోతుందండి, అప్పుడు రొయ్యలు పైకొచ్చేస్తాయి. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు ఆగకుండా తిరుగుతున్నాయో లేదో చూడటానికి మావయ్య నాలుగింటికి లేస్తాడు, నేనూ లేచేదాన్ని. చెక్ ట్రే ఎత్తి మేత ఎంత మిగిలిందో రాసేదాన్ని. రెండు గుంటలకీ ఒకే మేత వేసినా ఒకదాంట్లో ఎప్పుడూ మిగిలేది. ఎందుకా అని నీళ్ళ రంగు, ఉప్పు కూడా రాయడం మొదలుపెట్టాను."

మా బావమరిది పాకల వైపు రెండు వనామి రొయ్యల గుంటలు కౌలుకి చేస్తాడు, పాప సెలవులకి అక్కడికి వెళ్తుంది, టీవీ చూసి ఆడుకుని వస్తుందనుకున్నాం. నోట్‌బుక్కు రాసిందని మాకిద్దరికీ తెలియదు. పదిహేనేళ్ళలో ఆ పిల్ల నోటి నుంచి ఒక్కసారిగా అన్ని మాటలు నేను వినలేదు. మా ఆవిడ అయితే, నాలుగింటికి లేస్తావా నువ్వు, ఇంట్లో ఏడైనా లేవవే అని అక్కడే మొదలుపెట్టింది.

అప్పుడు మేడమ్ కాగితం మీద గీతలు గీసి చెప్పారు. బైపీసీ అంటే అందరూ నీట్ ఒక్కటే అనుకుంటారు, అది కాదు. బైపీసీ చదివి ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్ వైపు రాస్తే బీఎఫ్‌ఎస్సీ అని నాలుగేళ్ళ ఫిషరీస్ డిగ్రీ ఉంది, దానికి కాలేజీ మన పక్కనే నెల్లూరు జిల్లా ముత్తుకూరులో 1991 నుంచి ఉంది. అంత దాకా ఆగలేమంటే టెన్త్ తర్వాత నేరుగా రెండేళ్ళ ఫిషరీస్ డిప్లొమా, కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో. లెక్కలు వదలడం ఇష్టం లేకపోతే 2025-26 నుంచి ఇంటర్‌లో ఎంబైపీసీ కూడా వచ్చింది, లెక్కలూ బయాలజీ రెండూ చదవచ్చు, కాకపోతే బరువెక్కువ. ముత్తుకూరు పేరు నేను వినకపోలేదు, ఈఏపీసెట్ అప్లికేషన్లు పెట్టేవాడినే. కానీ అది మా ఇంటికి సంబంధించిన విషయం అన్న ఆలోచనే రాలేదు. ఆ వెయ్యి రూపాయలు ఆ ఒక్క ప్రశ్నకి ఇచ్చాననుకున్నా.

మా ఆవిడ, ఆడపిల్ల గుంటల గట్ల మీద ఏం తిరుగుతుందండీ అంది. మేడమ్ ఏమీ వాదించలేదు. హేచరీల్లో, మేత కంపెనీల్లో, నీళ్ళు పరీక్షించే ల్యాబుల్లో ఎవరెవరు పనిచేస్తారో ఒకసారి వెళ్ళి చూసి రండి, చూశాకే నిర్ణయించుకోండి అన్నారు. అది నచ్చింది నాకు. అలాగని ఆవిడకి అన్నీ తెలుసనుకోకండి. ట్రిపుల్ ఐటీ మాట వచ్చినప్పుడు, రెసిడెన్షియల్ కాని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల పిల్లలకి టెన్త్ మార్కుల మీద 4 శాతం కలుపుతారని నేనే చెప్పాల్సి వచ్చింది. అడిగి మరీ రాసుకున్నారు. తెలియనిది తెలియదని ఒప్పుకునే కౌన్సెలర్‌ని నేను అక్కడే చూశా, ఆ రిపోర్టు కుర్రాడికి తెలియని సంగతే లేదు మరి.

కోపమొచ్చిన విషయం ఇంకోటి ఉంది. రిపోర్టు చేతికొచ్చిన మూడో రోజు నుంచి ఫోన్లు. బెంగళూరు కాలేజీ అట, విజయవాడలో హాస్టల్ అట, మీ పాప టెన్త్ కదా సార్ అని పేరు పెట్టి మరీ అడుగుతున్నారు. నా నంబరు, పాప పేరు రెండూ కలిపి ఎవరికి తెలుసు? సెంటర్‌లో అడిగితే మాకు సంబంధం లేదన్నారు. నేనేమీ నిరూపించలేను గానీ, ఫారంలో నంబరు రాసేటప్పుడు ఆలోచించుకోండి. నేనైతే ఇప్పుడు రాయాల్సొస్తే పాత సిమ్ నంబరు రాస్తా.

టెస్టు కావాల్సిందే అనుకునే వాళ్ళకి, ఎన్‌సీఈఆర్‌టీ, సీబీఎస్‌ఈ కలిసి తొమ్మిది, పది తరగతుల కోసం తయారుచేసిన "తమన్నా" అనే పరీక్ష ఉంది. భాష, లెక్కలు, యంత్రాల అవగాహన, ఇలా ఏడు విషయాల్లో పిల్లల మొగ్గు చూస్తుంది. అందులో పిల్లలు ప్రశ్నలకి జవాబులు రాయాలి. పాస్ ఫెయిల్ ఉండవు. అది కూడా ఆఖరి మాట ఏం కాదు, కానీ కనీసం పిల్లని ఏదో ఒకటి అడుగుతుంది, వేళ్ళని కాదు.

మా బావమరిది ఇప్పుడు మాట మార్చాడు. రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల రోగానికి పోయి ఉన్నవాడు కదా, "బావా, ఈ రొయ్యల గోల మనతోనే పోనీ, దాన్ని ఏ కంప్యూటర్ కోర్సులోనో వెయ్యి" అంటున్నాడు. పాప నోట్‌బుక్కు మాత్రం అడిగి తీసుకెళ్ళాడు, రెండో గుంటలో మేత ఎందుకు మిగులుతుందో చూడ్డానికి. మేము ఇంకా తేల్చుకోలేదు. బైపీసీ అన్నంతవరకే అనుకున్నాం, ఎంబైపీసీ ఉన్న కాలేజీ దగ్గర్లో ఉంటే అడుగుతాం.

మొత్తం మీద అయిదుకి రెండున్నర ఇస్తున్నా, ఆ రెండున్నరా మేడమ్‌వే. వెళ్ళేవాళ్ళు ఆదివారం వెళ్ళొద్దు, బయట బెంచీ మీద పది కుటుంబాలు ఉంటాయి, లోపల తొందర పెడతారు. ఆవిడ మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు కూర్చుంటారు, ముందు ఫోన్ చేసి "సిట్టింగ్ మాత్రమే" అని రెండుసార్లు చెప్పండి, ఒకసారి చెబితే ప్యాకేజీలోకి లాగుతారు. మా చిన్నోడు ఏడో తరగతి, వాడికి సగం ధరకే వేలిముద్రలు తీస్తామని నిన్న కూడా ఫోన్ చేశారు.