పచ్చరంగు ఉంగరానికి ఏది మేలు: పచ్చా, సావొరైటా, డిమాంటాయిడా?

రోజూ వేలికి ఉండే ఉంగరానికైతే సావొరైట్ మేలు. హారంలోకో, పెద్ద లాకెట్టుకో అయితే పచ్చే. డిమాంటాయిడ్ చెవిదిద్దులకు తగిన రాయి.

సావొరైట్ మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు. గోమేదికం, ఇదీ రెండూ గార్నెట్ అనే రత్నజాతిలో గ్రాసులర్ రకానివే. ఇనుము, మాంగనీసు చేరితే తేనెరంగు గోమేదికం అవుతుంది. వనేడియం, క్రోమియం చేరితే ఈ పచ్చదనం వస్తుంది. 1967లో భూగర్భ శాస్త్రవేత్త క్యాంప్‌బెల్ బ్రిడ్జెస్‌కు టాంజానియాలో దొరికింది, తర్వాత కెన్యాలోనూ బయటపడింది. అక్కడి త్సావో పార్కు పేరే 1974లో అమెరికా నగల సంస్థ టిఫనీ దీనికి పెట్టింది.

మోస్ కొలతలో గట్టిదనం అంకెలు చూస్తే పచ్చదే పైచేయి: పచ్చ 7.5 నుంచి 8, సావొరైట్ 7 నుంచి 7.5. కానీ ఆ అంకె గీతలు పడకుండా ఆగే శక్తిని చెబుతుందే తప్ప పగలకుండా ఆగే శక్తిని కాదు. పచ్చలో దాదాపు ఎప్పుడూ సన్నని పగుళ్లుంటాయి. అవి కనబడకుండా దేవదారు నూనెనో రెజిన్‌నో ఎక్కిస్తారు. వేడినీళ్లు, డిటర్జెంట్, అల్ట్రాసోనిక్ క్లీనర్ తగిలితే ఆ నూనె పోయి పగుళ్లు తెల్లగా తేలతాయి. వంటింట్లో తీయకుండా ఉండే ఉంగరానికి ఇదే పెద్ద చిక్కు. సావొరైట్‌ను సాధారణంగా వేడిచేయరు, నూనె పెట్టరు. గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని బ్రష్ చాలు.

మెరుపులోనూ తేడా ఉంది. వెలుగును రాయి ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం పచ్చకు సుమారు 1.58, సావొరైట్‌కు 1.74. అందుకే బాగా కోసిన సావొరైట్ చిన్నదైనా దీపాల వెలుగులో చురుగ్గా మెరుస్తుంది. పచ్చ అందం వేరు, అది లోపలినుంచి నిండుగా వచ్చే రంగు. వెనక మూసి కుందన్ పనిలో పొదిగితే సావొరైట్ మెరుపు చాలావరకు వృథా. దానికి వెనక తెరిచిన బిగింపు కావాలి.

ధర అడిగేటప్పుడు చాలామంది పొరబడేది బరువు దగ్గర. సావొరైట్ సాంద్రత సుమారు 3.6, పచ్చది 2.7. ఒకే కొలత, ఒకే కోత ఉన్న రాళ్లలో పచ్చ 75 సెంట్లు (0.75 క్యారెట్) తూగితే సావొరైట్ దాదాపు ఒక క్యారెట్ తూగుతుంది. కాబట్టి క్యారెట్ ధరలు పక్కపక్కన పెట్టి చూడకండి; రాయిని మిల్లీమీటర్లలో కొలిపించి మొత్తం ధర అడగండి. సావొరైట్ రెండు మూడు క్యారెట్లు దాటితే దొరకడమే కష్టం, ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆ సైజు కావాలంటే పచ్చవైపు వెళ్లడమే తెలివి. జాతకం ప్రకారం బుధుడికి పెట్టుకునేదీ పచ్చే, సావొరైట్ దానికి బదులు కాదు.

రంగు ఎంచేటప్పుడు రాయిని పగటి వెలుగులో ఒకసారి, పసుపు బల్బు కింద ఒకసారి చూడండి. మరీ ముదురు రాయి సాయంత్రానికి నల్లబడుతుంది. నడిమధ్యలో అద్దంలా అవతలివైపు కనిపిస్తుంటే కోత లోతు తక్కువని అర్థం.

డిమాంటాయిడ్ కూడా గార్నెట్టే, ఆండ్రడైట్ రకం. 19వ శతాబ్దంలో రష్యాలోని యూరల్ కొండల్లో బయటపడింది. వెలుగును రంగులుగా చీల్చడంలో వజ్రాన్ని మించుతుంది (0.057, వజ్రానిది 0.044). లోపల గుర్రం తోకలా విచ్చుకున్న క్రిసోటైల్ అనే ఖనిజం పోగులుంటే విలువ పెరుగుతుంది! గట్టిదనం మాత్రం 6.5 నుంచి 7, ఉంగరంలో అంచులు త్వరగా అరుగుతాయి. వేడిచేసిన రాళ్లూ ఉంటాయి గనుక ల్యాబ్ రిపోర్టులో ఆ సంగతి చూసుకోవాలి.

సావొరైట్ పేరుతో పచ్చరంగు గాజు, పచ్చరంగు యాగ్ (ల్యాబ్‌లో తయారుచేసే కృత్రిమ రాయి) అమ్ముతారు. వక్రీభవన గుణకాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సావొరైట్ 1.74 దగ్గర గీత చూపుతుంది; యాగ్‌ది 1.83 కావడంతో పరికరం హద్దు దాటిపోతుంది. రాయి రంగు ఛాయల్ని విడదీసి చూపే డైక్రోస్కోపులో పచ్చ రెండు ఛాయలు చూపితే గార్నెట్ ఒక్కటే చూపుతుంది. మంచి ల్యాబ్ రిపోర్టులో రాయి జాతి, బరువు, కొలతలు, ట్రీట్‌మెంట్ (వేడి, నూనె వంటివి) వివరం నాలుగూ ఉండాలి.

బిగింపులో రాయి అంచులు దాన్ని పట్టి ఉంచే లోహపు గోళ్లకు మరీ నొక్కుకుంటే ఈ మూడూ చిట్లుతాయి. ఉంగరం సైజు మార్చేటప్పుడు టంకం మంట తగలకముందే రాయి తీయించండి. వేడిమీద నీళ్లలో ముంచితే గార్నెట్ పగులుతుంది, పచ్చలో నూనె కాలిపోతుంది.