ఎడిర్నేలో ఒట్టోమన్ వైద్య పాఠశాల: వెళ్ళొచ్చా?

ఇస్తాంబుల్‌లో కడికోయ్ ఫెర్రీ ఎక్కితే హైదర్‌పాషా దగ్గర రెండు టవర్లున్న పెద్ద భవనం కనబడుతుంది. సుల్తాన్ రెండో అబ్దుల్ హమీద్ కాలంలో వలోరీ, దారోంకో అనే ఆర్కిటెక్టులు వైద్య పాఠశాల కోసం డిజైన్ చేశారు. 1903లో తెరిచారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, గెలిచిన మిత్రరాజ్యాల సైన్యం ఊళ్ళో ఉండగా 1919 మార్చి 14న విద్యార్థులు ఆ టవర్ల మధ్యే పెద్ద జెండా కట్టి నిరసన తెలిపారు. ఒట్టోమన్ రాజ్యంలో ఆధునిక వైద్య విద్య 1827లో మొదలైనదీ ఆ తేదీనే. టర్కీ డాక్టర్లకు ఇప్పటికీ అదే పండగ రోజు.

కానీ అది మ్యూజియం కాదు, నడుస్తున్న యూనివర్సిటీ. ఫెర్రీ మీంచి ఫొటో తీసుకుంటే చాలు, దాని కోసమని ఒక పూట పెట్టుకోవద్దు. ఒట్టోమన్ వైద్య పాఠశాలను లోపలికెళ్ళి తీరిగ్గా చూడాలంటే, అంతకంటే పాతదాన్ని మ్యూజియంగా మార్చిన ఎడిర్నే ఊరికి వెళ్ళాలి. బస్సులో దాదాపు మూడు గంటలు. సీట్లు బాగున్నాయి, దారిలో టీ, కేకు కూడా ఇచ్చారు. బస్టాండు మాత్రం ఊరి బయట ఉంది, అక్కడినుంచి మినీబస్సు పట్టుకోవాలి.

తుంజా నది అవతల రెండో బాయెజిద్ సుల్తాన్ 1484లో మొదలుపెట్టి 1488కి పూర్తిచేసిన సముదాయం ఇది. మసీదు, అన్నసత్రం, ఆసుపత్రి, పక్కనే వైద్య పాఠశాల. మన పాతబస్తీలో కులీ కుతుబ్ షా కట్టించిన దారుల్‌షిఫాలోనూ వైద్యం, చదువు ఒకే చోట సాగాయి. ఎడిర్నేది దానికంటే వందేళ్ళు పాతది.

నన్ను కట్టిపడేసింది ఆసుపత్రి చివరి హాలు. ఆరు పలకల గది, మధ్యలో ఫౌంటెన్. గుమ్మటం నెత్తిన ఉన్న చిన్న కిటికీల గూడులోంచి వెలుతురు నేరుగా నీళ్ళ మీద పడుతుంది. చుట్టూ చలికాలానికి ఆరు మూసిన గదులు, వేసవికి తలుపుల్లేని ఐదు మండపాలు. మధ్యలో నిలబడితే దాదాపు అన్ని గదులూ కంటికి అందుతాయి, కొద్దిమంది సిబ్బందితోనే రోగులను కనిపెట్టుకునే ఏర్పాటన్నమాట. ఎదురుగా ఉన్న మండపం వాయిద్యగాళ్ళది. పదిమంది కళాకారులు వారానికి మూడుసార్లు రోగులకు సంగీతం వినిపించేవారని 17వ శతాబ్దపు యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు. మన రాగాల్లాగే వాళ్ళకు మకామ్‌లు, ఏ జబ్బుకు ఏది మంచిదో లెక్క ఉండేది. నేను అక్కడే నిలబడి మెల్లగా ఓ కూనిరాగం తీశాను, గొంతు పెంచకపోయినా గుమ్మటం అందుకుంది. మా ఆవిడ మాత్రం పద, పద అంది!

పాఠశాల వేరే ప్రాంగణం. విద్యార్థులకు పద్దెనిమిది చిన్న గదులు, పాఠాలకు ఒక పెద్ద గది. పుస్తకం ఇక్కడ, రోగి పక్క గోడ అవతల. గదుల్లో వైద్యులు, శిష్యుల బొమ్మలు పెట్టారు. పిల్లలకు సరదాయేమో గానీ, నాకు కాస్త అతి అనిపించింది. ఖాళీ గదులే ఎక్కువ చెబుతాయి. త్రాకియా యూనివర్సిటీ నడిపే ఈ మ్యూజియానికి 2004లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ మ్యూజియం బహుమతి వచ్చింది. రెండు గంటలైనా కేటాయించండి.

బస విషయానికొస్తే, మేం దిగిన చిన్న హోటల్లో హీటర్ రాత్రి సగంలోనే ఆగిపోయింది. రిసెప్షన్‌లో చెబితే ఇంకో దుప్పటి ఇచ్చారు, అంతే. టిఫిన్ మాత్రం బ్రహ్మాండం. చలికాలంలో వెళ్ళేవాళ్ళు గది తీసుకునే ముందే హీటింగ్ సంగతి అడగండి.

భోజనానికి ఇక్కడి ఫేమస్ వేపుడు లివర్: పల్చగా కోసి, పిండి పట్టించి వేయిస్తారు. పక్కన వేయించిన ఎండుమిరపకాయలు! శాకాహారులకు ఎర్రపప్పు సూప్, రొట్టె దొరుకుతాయి, అంతకుమించి పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఒట్టోమన్ ఆర్కిటెక్టు సినాన్ కట్టిన సెలిమియే మసీదు కూడా ఊరి నడిబొడ్డునే ఉంది కాబట్టి, పొద్దున్నే బయల్దేరితే రెండూ చూసుకుని రాత్రికి ఇస్తాంబుల్ చేరుకోవచ్చు.