బరంపురం పట్టు రంగు తేలాలంటే: కానన్ ఆర్50, 18–45 లెన్సు

బరంపురం చీరల కొట్టువాళ్లు కొత్త కెమెరా మీద చెప్పే ఫిర్యాదులు రెండు. మెరూన్ చీర ఇటుక రంగులో వస్తోంది, ఫోడ కుంభ (గుడి ఆకారపు నేత) అంచు మసకగా ఉంది. 2023లో వచ్చిన కానన్ ఈఓఎస్ ఆర్50లో ఈ రెండింటికీ మందు ఉంది. 24.2 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ సైజు సెన్సర్ పట్టు పోగును పోగుగా చూపించగలదు, కానీ పెట్టెలోంచి తీసినప్పుడున్న సెట్టింగులతో చూపించదు.

రంగు సంగతి ముందు గదిలో తేలాలి. మామూలు ఎల్ఈడీ బల్బుల సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తాయో 100కి వేసే మార్కు) 80 చుట్టూ ఉంటుంది, వాటి వెలుగులో ముదురు ఎరుపు పాలు తక్కువ. వెలుగులో లేని ఎరుపును ఏ కెమెరా తీసుకురాలేదు, అందుకే మెరూన్ గోధుమ రంగుకి జారిపోతుంది. సీఆర్ఐ 95 పైన ఉన్న దీపాలు రెండు కొనండి, లేదా పగలు ఎండ నేరుగా పడని కిటికీ పక్కన పరచండి. కిటికీ వెలుగులో తీస్తే ట్యూబులైటు ఆర్పేయాలి. చీరకు ఒక పక్క నీలం, ఇంకో పక్క పసుపు పడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిచెయ్యదు.

ఆ తర్వాత వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుగులోనైనా తెలుపు తెలుపుగా వచ్చేలా కెమెరా చేసే రంగు సవరణ. ఆటో మోడ్ ఎర్ర చీర ఫ్రేమంతా నిండితే తడబడి, ఆ ఎరుపును దీపం రంగనుకుని చల్లబరుస్తుంది, అంటే నీలం వైపు లాగుతుంది. చీర పరిచిన చోటే, అదే వెలుగులో గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిద అట్ట) పెట్టి, ఫ్రేము మధ్య భాగం నిండేలా ఒక ఫొటో తియ్యండి. మెనూలో కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌కి వెళ్లి ఆ ఫొటోను ఎంచుకుని సెట్ చెయ్యండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. వైట్ బ్యాలెన్స్ గుర్తును కూడా కస్టమ్‌కి మార్చాలి, లేకపోతే కెమెరా ఇంకా ఆటోలోనే నడుస్తుంది. దీపం మార్చినా, కిటికీ వెలుగు మారినా కార్డు మళ్లీ తియ్యాల్సిందే. ప్రింటర్ కాగితం వాడొద్దు. అందులో తెలుపు మెరవడానికి కలిపిన పదార్థం పగటి వెలుగులోని అతినీల కిరణాలకు నీలంగా మెరుస్తుంది, దాన్ని తెలుపనుకున్న కెమెరా చీరను పసుపు వైపు లాగుతుంది.

ఎరుపు పేలిపోవడం వేరే జబ్బు. స్టాండర్డ్ పిక్చర్ స్టైల్ రంగుల్ని చిక్కబరుస్తుంది. పట్టు ఎరుపులో రెడ్ చానల్ నిండిపోయినా మొత్తం వెలుగును చూపే తెల్ల హిస్టోగ్రామ్ (వెలుగు పంపకం పటం) బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. చీర మడతలన్నీ ఒకే ముద్దగా, గీత లేకుండా వస్తే అదే కారణం. ఫొటో చూసేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలాలను విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడి గోడకు తగలకుండా ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ (ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది) తగ్గించండి. స్టైలు ఫెయిత్‌ఫుల్ పెట్టండి. 5200 కెల్విన్ పగటి వెలుగులో వస్తువు రంగుకు దగ్గరగా ఉండేలా దాన్ని తయారుచేశారు. అయితే అందులో షార్ప్‌నెస్ స్ట్రెంగ్త్ సున్నా. దాన్ని 3కి పెంచకపోతే లెన్సు బాగోలేదని తిరిగి దుకాణానికి పరిగెడతారు. ఫొటోలు వాట్సాప్‌కో ల్యాబ్‌కో వెళ్లేవైతే కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీలోనే ఉంచండి, వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి.

ఇక మసక. బాడీలో స్టెబిలైజేషన్ లేదు, కెమెరాతో వచ్చే 18–45 మి.మీ. కిట్ లెన్సులో ఉంది. అది చేతి వణుకును ఆపుతుంది, కదిలే మనిషిని ఆపలేదు. 45 మి.మీ. దగ్గర చీర కట్టుకున్న మనిషిని తీస్తే ఎం (మాన్యువల్) మోడ్‌లో షట్టర్ 1/250 సెకను, లెన్సు రంధ్రం ఎఫ్/6.3, ఐఎస్ఓ (వెలుగును పట్టే చురుకు) ఆటో, గరిష్ఠం 6400. పరిచిన చీరకైతే ట్రైపాడ్, ఎఫ్/8, ఐఎస్ఓ 100, 2 సెకన్ల టైమర్. అంతా షార్ప్‌గా రావాలని ఎఫ్/16కి వెళ్తే డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం మెత్తబడుతుంది, ఎఫ్/11 దాటొద్దు. ఫోకస్ వన్-షాట్‌లో 1-పాయింట్, ఆ పాయింటు అంచు నేత మీద. 45 మి.మీ. దగ్గర 35 సెం.మీ. కంటే దగ్గరికి పోతే ఫోకస్ దొరకదు. నేత మీద లేని రంగుల అలలు కనిపిస్తే అది మోయిరే, అరడుగు వెనక్కి జరిగితే చాలాసార్లు పోతుంది.

ఫంక్షన్ హాలు ఎల్ఈడీల కింద అడ్డంగా నల్ల చారలు వస్తే కెమెరా పాడైందని అనుకోవద్దు. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/100కి దించండి, షట్టర్ మోడ్ ఎలక్ట్రానిక్‌లో ఉంటే ఫస్ట్-కర్టెన్‌కి మార్చండి.

జరీకి వెలుగు పక్కనుంచి ఏటవాలుగా, తెల్ల పంచె గుండా పడాలి. లెన్సు ముందు తగిలించి తిప్పే పోలరైజర్ ఫిల్టరు జరీ మెరుపును తగ్గించదు, లోహపు మెరుపు మీద అది పనిచెయ్యదు. అదే పర్లాకిమిడి కొమ్ము బొమ్మల నునుపు మీద 49 మి.మీ. పోలరైజర్ అద్భుతంగా పనిచేస్తుంది. మెల్లగా తిప్పుతుంటే తెల్లటి మెరుపు తొలగి కొమ్ములోని చారలు బయటపడతాయి. నల్ల కొమ్మును కెమెరా బూడిద రంగు చేసేస్తుంది, ఎక్స్‌పోజర్ 1 స్టాప్ తగ్గించాలి. లేత గోధుమవన్నె, తెల్ల చీరలకు అంతే పెంచాలి.

కొట్టు కేటలాగుకి, కొమ్ము పనివాళ్ల ఆన్‌లైన్ అమ్మకాలకి ఈ కెమెరాను నిస్సందేహంగా సిఫారసు చేస్తాం. పెళ్లిళ్లే జీవనాధారమైన ఫొటోగ్రాఫర్‌కి చెయ్యం: మెమరీ కార్డు స్లాటు ఒక్కటే, ఆ కార్డు చెడితే తాళి కట్టిన క్షణం మళ్లీ రాదు. పాత ఫ్లాషుకు అడాప్టర్ కూడా కావాలి. కిట్ లెన్సు చీకట్లో బలహీనం, 45 మి.మీ. దగ్గర ఎఫ్/6.3 దాటి తెరుచుకోదు. ఆర్ఎఫ్ 50 మి.మీ. ఎఫ్/1.8 తగిలిస్తే దాదాపు 12 రెట్లు వెలుగు వస్తుంది, అందులో స్టెబిలైజేషన్ ఉండదు గనుక 1/160 కంటే కిందికి దిగొద్దు.

బాడీకి నీటి తుంపర నుంచి రక్షణ లేదు. బరంపురం పక్కనున్న గోపాలపురం (గోపాల్పూర్) సముద్ర తీరంలో తీసిన రోజు ఇంటికొచ్చాక ముందు బ్లోయరుతో ఇసుక ఊది, తర్వాత కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో బయటి ఉప్పు తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టండి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చేటప్పుడు సంచి జిప్పు అరగంట తెరవొద్దు. వానాకాలంలో మూతపెట్టిన డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచండి, లెన్సు లోపల బూజు పడితే ఆ గాజు మళ్లీ మునుపటిలా కావడం కష్టం.