పార్లమెంటులో ప్రశ్నా, సోమవారం అర్జీనా? ఆసుపత్రి రద్దీకి ఏది మేలు?

నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెంలో నేను అర్జీలు రాసిపెడతానని తెలిసినవాళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "సార్, సర్కారు ఆసుపత్రిలో మంచం దొరకట్లేదు. ఎంపీకి రాద్దామా? పార్లమెంటులో అడిగితే కదులుతుంది కదా?" టీవీలో ఎవరో ఎంపీ ఆసుపత్రుల మీద గట్టిగా మాట్లాడారంటే, ఆ మర్నాడు ఇంకో నలుగురు వస్తారు.

నాకూ ఆ ఆశ ఉండేది. పోయిన వానాకాలం మా అమ్మను జ్వరంతో జిల్లాలోని ఒక సర్కారు ఆసుపత్రిలో చేర్చాం. ఒకే మంచం మీద ఇద్దరు, ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు. స్టాండు లేక పక్కామె సెలైన్ సీసాను కిటికీ ఊచకు కట్టుగుడ్డ పేలికతో వేలాడదీశారు. రాత్రి ఆమె కొడుకూ నేనూ మంచం కింద చాప మీద పడుకుని, సీసా అయిపోతుందేమోనని వంతులవారీగా చూశాం.

ఆ కోపంతో ఎంపీకి నాలుగు పేజీలు రాయబోయి, ముందు పాత ప్రశ్నలకు కేంద్రం ఇచ్చిన జవాబులు తీసి చదివాను. చాలావాటి మొదలు ఒకటే: ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాష్ట్రాల పరిధిలోనివి. తప్పించుకుంటున్నారనుకున్నా. కానీ రాజ్యాంగం ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితాలో 6వ అంశం అదే.

నా లెక్కలో ఇక్కడే తేలిపోతుంది. ఫైలు మీద సంతకం ఎవరిది? ఖాళీ నర్సు పోస్టు నింపేదీ, మూసిన ఓపీ కౌంటరు తెరిపించేదీ ఢిల్లీ కాదు. పైగా ప్రశ్న కనీసం 15 రోజుల ముందే ఇవ్వాలి, లాటరీలో రావాలి. లోక్‌సభలో రోజుకు నక్షత్రం గుర్తున్న (మంత్రి నోటితో జవాబు చెప్పాల్సిన) ప్రశ్నలు 20 ఉన్నా, గంటలో నోటి జవాబు దాకా వచ్చేవి కొన్నే. జీరో అవర్‌లో, అంటే ఎంపీలు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయంలో, మాట్లాడితే వీడియో ఊరంతా తిరుగుతుంది గానీ, మంత్రి అక్కడికక్కడే జవాబివ్వాలన్న నియమం లేదు.

అలాగని ఎంపీని వదిలేయమనను. జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో మన రాష్ట్రానికి కేంద్రం వాటా 60 శాతం. ఆ డబ్బు ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని రాతపూర్వకంగా రాబట్టడానికి పార్లమెంటు ప్రశ్న మంచి సాధనం. ఈఎస్‌ఐ, హైవే, రైలు ఆగకపోవడం లాంటివైతే నేరుగా ఎంపీ దగ్గరికే. ఇంకో మాట, ఎంపీ లాడ్స్ అనే నిధి కింద స్థానిక పనులకు సిఫారసు చేయడానికి ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. దాంతో ఆసుపత్రికి పరికరాలు, అంబులెన్సు ఇప్పించవచ్చు. ప్రశ్న వేయమనడం కన్నా ఆ నిధి అడగడం నయం. ముత్తుకూరు, పొదలకూరు వాళ్లు మాత్రం నెల్లూరు ఎంపీకి రాసి ఎదురుచూడకండి. ఆ ఊళ్లున్న సర్వేపల్లి అసెంబ్లీ నియోజకవర్గం తిరుపతి పార్లమెంటు కిందికి వస్తుంది.

ఇక సోమవారం అర్జీ. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జనం దగ్గర అర్జీలు తీసుకుంటారు. నెల్లూరులో అది జరిగే తిక్కన ప్రాంగణం ముందు క్యూలో నిలబడటం చాలామందికి చిన్నతనంగా ఉంటుంది. నా మొదటి అర్జీ "ఆసుపత్రిలో రద్దీ తగ్గించాలి" అని రాశా. "పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది! ఒళ్లు మండింది గానీ తప్పు నాదీ ఉంది. రద్దీ తగ్గించాలంటే ఏ అధికారి ఏం చేస్తాడు? రెండోసారి ఒక్కటే అడిగా. ఫలానా తేదీ నుంచి ఆడవాళ్ల ఓపీ చీటీల కౌంటరు మూసి ఉంది, తెరిపించండి అని. ఫోటో పెట్టా. మూడు వారాల్లో తెరిచారు. క్యూ సగానికి సగం తగ్గిందనను, కడుపుతో ఉన్నవాళ్లు ఎండలో నిలబడటం మాత్రం తప్పింది.

అర్జీకి బలం కావాలంటే పక్కన సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జిల్లా స్థాయిలో ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని అని అడిగితే చాలు. ఆ కాగితం జతచేసిన అర్జీని ఊరికే మూసేయడం కష్టం.

ఎమ్మెల్యే అసెంబ్లీలో అడగడమూ ఒక దారే. అక్కడ మంత్రి "ఇది నా పరిధి కాదు" అనలేడు, కానీ సభ జరిగేదే కొన్నాళ్లు. పేపర్లో వేయిస్తే మర్నాడు వార్డు కడుగుతారు, అంతే.

కాబట్టి డబ్బు లెక్కలు, కేంద్రం పనులైతే ఎంపీ. మంచం, నర్సు, కౌంటరు అయితే నా ఓటు సోమవారానికే. రేపు సోమవారానికి ఇంకో అర్జీ సిద్ధం చేశా. అందులో ఒక్క వాక్యమే ఉంది: ఆ వార్డుకు సెలైన్ స్టాండ్లు ఇప్పించండి.